సీటీ నార్మల్ వస్తే ఆ స్కాన్ వృథా అయినట్టేనా? నాన్నగారి పక్షవాతం, అక్క కొడుకు ఫిట్స్ గురించి

తర్వాత చదివేవాళ్ళకూ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్న క్లుప్తంగా రాస్తాను. మీ నాన్నగారికి 62 ఏళ్ళు. ఉదయం ఏడింటికి కాఫీ తాగుతుండగా మూతి ఒక పక్కకు పోయింది, కుడి చేతిలోంచి గ్లాసు జారిపోయింది. గంటన్నరలో ఆస్పత్రికి చేర్చారు. తలకు సీటీ తీసి "నార్మల్" అన్నారు, అయినా పక్షవాతమేనని చెప్పి రక్తం గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చారు. మర్నాడు ఎంఆర్ఐ తీస్తే స్ట్రోక్ స్పష్టంగా కనిపించింది. సీటీలో ఏమీ కనబడనప్పుడు అదెందుకు, మొదటే ఎంఆర్ఐ తీయకూడదా, డబ్బు కోసం రెండూ తీశారా అన్నది మొదటి ప్రశ్న. మీ అక్కగారి తొమ్మిదేళ్ళ అబ్బాయికి ఫిట్స్ వచ్చి, సీటీలో "చిన్న గడ్డ" కనిపించింది, ఇప్పుడు కాంట్రాస్ట్ (రక్తంలోకి మందు ఎక్కించి తీసే) ఎంఆర్ఐ రాశారు, అది అవసరమా అన్నది రెండోది.

సూటిగా చెప్తాను. మీ నాన్నగారి సీటీ వృథా కాలేదు. అది నార్మల్‌గా వచ్చింది కాబట్టే ఆ ఇంజెక్షన్ ఇవ్వగలిగారు. అబ్బాయికి మాత్రం ఎంఆర్ఐ తీయించండి, వాయిదా వేయకండి.

నేను రేడియాలజిస్టును. ఇరవై రెండేళ్ళుగా తల స్కాన్లు చదువుతున్నాను. మొదటి ఆరేళ్ళు జిల్లా కేంద్రంలో ఒక స్కానింగ్ సెంటర్లో, తర్వాత మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో. మీరు అడిగిన మాట వారానికి రెండు మూడు సార్లైనా మా గది బయట వింటాను. అడిగేవాళ్ళ తప్పేమీ లేదు. స్కాన్ ఎందుకు తీస్తున్నామో ముందే రెండు ముక్కల్లో చెప్పని మాదే లోపం.

ముందు నాన్నగారి సంగతి. మన వాడుకలో "తలలో నరం చిట్లింది" అంటాం, "నరం పూడుకుపోయింది" అని కూడా అంటాం. రెండు చోట్లా నరమంటే రక్తనాళమే. పక్షవాతం ఈ రెండు దారుల్లోనే వస్తుంది. నాళంలో గడ్డ అడ్డుపడి ఆ భాగానికి రక్తం ఆగిపోవడం ఒకటి, నాళం చిట్లి రక్తం మెదడులోకి కారడం రెండోది. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. అదే మూతి వంకర, అదే చెయ్యి పడిపోవడం, అదే మాట ముద్దగా రావడం. ఎంత అనుభవమున్న న్యూరాలజిస్టైనా మంచం పక్కన నిలబడి చూసి ఇది ఫలానా రకమని ప్రమాణం చేసి చెప్పలేరు. కానీ వైద్యం పూర్తిగా ఎదురెదురు. మొదటి రకానికి గడ్డ కరిగించాలి. రెండో రకానికి అదే మందు ఇస్తే కారే రక్తం ఇంకా కారి ప్రాణం పోతుంది.

కాబట్టి క్యాజువాలిటీలో డాక్టరుకు ఆ నిమిషంలో కావలసిన జవాబు ఒక్కటే: లోపల రక్తం ఉందా, లేదా? ఆ ఒక్క మాట సీటీ చెప్పినంత త్వరగా ఇంకేదీ చెప్పదు. మనిషిని బల్ల మీద పడుకోబెట్టాక అసలు స్కాన్ కొన్ని సెకన్ల పని. ఎక్కించడం, దించడం కలిపినా ఐదు నిమిషాలు దాటదు.

సీటీ అంటే ఎక్స్‌రేనే, తల చుట్టూ తిరుగుతూ వందల కోణాల్లోంచి తీస్తుంది. ఏ పదార్థం ఎంత ఎక్స్‌రేను ఆపుతుందో దానికో అంకె ఉంటుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000. మెదడు బూడిదరంగు పొర 35–40 దగ్గర ఉంటుంది. అప్పుడే కారి గడ్డకట్టిన రక్తం 50 నుంచి 80 మధ్య ఉంటుంది. ఈ తేడా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, మెదడు బూడిద రంగులో, రక్తం తెల్లగా. ఆ అంకెలకు హౌన్స్‌ఫీల్డ్ పేరు పెట్టారు. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, ఈఎంఐ కంపెనీలో ఇంజనీరు. గ్రామఫోను ముందు కుక్క కూర్చున్న బొమ్మతో మన ఇళ్ళలోకి వచ్చిన హెచ్‌ఎంవీ రికార్డులు ఆ కంపెనీవే. ఆయన చేసిన యంత్రంతో 1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో ఒక మహిళకు మొదటి తల స్కాన్ తీశారు. అంతకు ముందు మెదడు చూడాలంటే వెన్నులోంచి నీరు తీసి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. రోగి రోజుల తరబడి తలనొప్పితో, వాంతులతో బాధపడేవాడు. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కూ, ఆ లెక్కల మీద విడిగా పనిచేసిన అలన్ కార్మాక్‌కూ నోబెల్ ఇచ్చారు. ఆ బహుమతి ఇంత న్యాయంగా వెళ్ళిన సందర్భాలు తక్కువని నా నమ్మకం.

ఒక రాత్రి సంగతి చెప్తాను. స్కానింగ్ సెంటర్లో ఉన్న రోజుల్లో, ఒంటిగంట దాటాక, యాభై ఏళ్ళ లారీ డ్రైవర్ని తీసుకొచ్చారు. కుడి పక్క పడిపోయింది, మాట రావడం లేదు. వెంట వచ్చిన తమ్ముడు చదువుకున్నవాడు, "గడ్డ కరిగే ఇంజెక్షన్ ఉందటగా, స్కాన్లూ అవీ తర్వాత, ముందది వేసెయ్యండి, టైం పోతోంది" అని నా చెయ్యి పట్టుకున్నాడు. టైం గురించి అతను చెప్పింది అక్షరాలా నిజం. మేం స్కాన్ మొదలుపెట్టాం. తెర మీద ఒక్కో ముక్కా కింది నుంచి పైకి వస్తోంది. మొదటి ఏడెనిమిది ముక్కలు మామూలుగా ఉన్నాయి. తర్వాతి దాంట్లో ఎడమ పక్క లోతున చిన్న తెల్లటి చుక్క, ఆ పైదాంట్లో రేగిపండంత, ఆ పైన ఉసిరికాయంత. రక్తం. ఆ తమ్ముణ్ణి లోపలికి పిలిచి తెర చూపించాను. "ఇదేమిటి, సున్నం వేసినట్టు?" అన్నాడు. ఇంజెక్షన్ మాట మళ్ళీ ఎత్తలేదు. బీపీ దించి, న్యూరోసర్జన్ ఉన్న ఊరికి పంపించాం. మనిషి బతికాడు, చేతికర్ర సాయంతో నడిచాడు. సీటీ లేకుండా ఆ మందు పడి ఉంటే తెల్లారేది కాదు.

మీ నాన్నగారి సీటీలో అలాంటి తెలుపు లేదు. "నార్మల్" అన్నమాటకు ఆ క్షణంలో అర్థం ఇదే: రక్తస్రావం లేదు, లక్షణాలు పక్షవాతానివే, కాబట్టి నాళం పూడుకుపోయింది, మందు ఇవ్వచ్చు. ఆ మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి, ఎంత ముందిస్తే అంత మేలు. రక్తం అందని మెదడులో నిమిషానికి 19 లక్షల కణాలు చచ్చిపోతాయని ఒక లెక్క ఉంది. మీరు గంటన్నరలో చేర్చారు. అది మీరు చేసిన చాలా పెద్ద పని, దాని గురించి మీరు ఒక్క మాట కూడా రాసుకోలేదు.

మరి అంత స్ట్రోక్ సీటీలో ఎందుకు కనబడలేదు? రక్తం ఆగిన చోట మొదటి గంటల్లో జరిగే మార్పు చాలా సూక్ష్మం. ఆ భాగంలో నీరు నూటికి ఒక పాలు పెరిగితే సీటీ అంకె రెండు, మూడు తగ్గుతుంది, అంతే. కంటికి ఆనదు. చూడ్డం అలవాటైనవాళ్ళకు కొన్ని జాడలు దొరకచ్చు. పూడుకున్న నాళం తెల్లటి గీతలా మెరవడం, బూడిద పొరకూ తెల్ల పొరకూ మధ్య సరిహద్దు చెరిగిపోవడం లాంటివి. అవి లేకపోయినా స్ట్రోక్ లేదని కాదు. మర్నాటికి ఆ భాగం వాచి నల్లబడుతుంది, అప్పుడు సీటీ తీసినా కనిపించేదే.

ఎంఆర్ఐ దారి వేరు, అది ఎక్స్‌రేతో కాదు, పెద్ద అయస్కాంతంతో పనిచేస్తుంది. అందులో డిఫ్యూజన్ అనే రకం స్కాన్ ఉంటుంది. అది నీటి అణువుల కదలికను పట్టుకుంటుంది. ప్రాణవాయువు అందని కణంలో పంపులు ఆగిపోతాయి, బయటి నీరు లోపలికి చేరి కణం ఉబ్బుతుంది, కణాల మధ్య సందులు మూసుకుపోతాయి. తిరనాళ్ళలో జనం కిక్కిరిసిన సందులో ఇరుక్కుంటే ముందుకూ వెనక్కూ కదల్లేం చూడండి, నీటి పరిస్థితీ అంతే అవుతుంది. ఆ కదలిక ఆగిన చోటు తెర మీద తెల్లగా వెలుగుతుంది, అదీ స్ట్రోక్ మొదలైన అరగంటలోపే. మర్నాడు మీకు చూపించిన తెల్లటి మచ్చ అదే.

అంత గొప్పదైతే ముందే తీయొచ్చు కదా అంటారు. కొన్ని పెద్ద ఆస్పత్రుల్లో తీస్తున్నారు కూడా. రక్తస్రావాన్ని ఎంఆర్ఐ కూడా పట్టగలదు. కానీ రోగి ఒంటి మీద ఇనుము లేదని, గుండెకు పేస్‌మేకర్ లేదని రూఢి చేసుకోవాలి, సొరంగంలో కదలకుండా పదిహేను, ఇరవై నిమిషాలు పడుకోబెట్టాలి. మాట పడిపోయిన మనిషిని "మీకు పేస్‌మేకర్ ఉందా" అని ఎలా అడుగుతాం? కంగారులో వెంట వచ్చిన పక్కింటాయనకు ఏం తెలుస్తుంది? వాంతి అయితే, ఊపిరి ఇబ్బందైతే సొరంగంలోంచి బయటికి లాగాలి. ఈ గడబిడలో పోయే అరగంట మెదడుదే. అందుకే సీటీ ముందు.

ఒక మినహాయింపు మాత్రం గుర్తుంచుకోండి. రాత్రి బాగానే పడుకుని, పొద్దున లేచేసరికే చెయ్యి పడిపోయి ఉంటే ఎప్పుడు మొదలైందో తెలియదు. అక్కడ ఎంఆర్ఐ విలువ చాలా ఎక్కువ. డిఫ్యూజన్‌లో మచ్చ కనిపించి, ఫ్లెయిర్ అనే మరో రకంలో ఇంకా కనిపించకపోతే స్ట్రోక్ కొత్తదని, బహుశా నాలుగున్నర గంటల లోపలిదని అంచనా వేస్తారు. 2018లో వచ్చిన వేకప్ ట్రయల్ తర్వాత ఇలా చూసి మందు ఇవ్వడం మొదలైంది. కాబట్టి "నిద్రలో వచ్చింది, ఇంక లాభం లేదు" అని ఇంట్లో కూర్చోవద్దు. అదే ఏడాది వచ్చిన డాన్, డిఫ్యూజ్-3 అనే రెండు పరిశోధనలతో ఇంకో తలుపు తెరుచుకుంది. పెద్ద నాళం పూడుకుపోయినవాళ్ళలో కొందరికి, మెదడులో ఇంకా కాపాడుకోదగ్గ భాగం ఉందని స్కాన్‌లో తేలితే, 24 గంటల వరకూ తొడ దగ్గర్నుంచి తీగ పంపి గడ్డను లాగెయ్యచ్చు. దీనికి సీటీతో పాటే చేతిలోకి మందు ఎక్కించి మెడ, తల నాళాల యాంజియోగ్రామ్ తీస్తారు. మీ రిపోర్టుల్లో "సీటీ యాంజియో" ఉందేమో చూడండి. లేకపోతే, ఇప్పుడు మెడ నాళాల పరీక్ష, గుండె పరీక్ష అయ్యాయో లేదో అడగండి. గడ్డ ఎక్కడ పుట్టిందో తెలిస్తేనే రెండోసారి రాకుండా చూసుకోగలం. మర్నాటి ఎంఆర్ఐ కూడా అందుకే. ఒకే పెద్ద మచ్చా, అక్కడక్కడా చల్లినట్టు చిన్న చిన్న మచ్చలా అన్నదాన్ని బట్టి గుండె నుంచి వచ్చిందా, మెడ నాళం నుంచా అని ఊహించచ్చు. డబ్బు గుంజడానికి అనవసర స్కాన్లు రాసేవాళ్ళు లేరని నేననను, ఉన్నారు, నాకు తెలుసు. మీ విషయంలో మాత్రం రెండు స్కాన్లకూ చెయ్యాల్సిన పని ఉంది, రెండూ చేశాయి.

ఇక అబ్బాయి. ముందు ఆ "గడ్డ" అన్నమాట సంగతి తేల్చాలి, ఎందుకంటే మీ అక్కగారు మూడు రోజులుగా అన్నం తినడం లేదని రాశారు. తెలుగులో మనం రక్తం గడ్డనూ గడ్డే అంటాం, చీము గడ్డనూ గడ్డే అంటాం, క్యాన్సర్ కణితినీ గడ్డే అంటాం. డాక్టరు తొందరలో "చిన్న గడ్డ ఉందమ్మా" అనేసరికి తల్లి చెవికి చేరేది మూడోదే. మీరు పెట్టిన రిపోర్టులో రాసినదాని ప్రకారం అది మెదడు పైపొర దగ్గర ఒక సెంటీమీటరు ఉంగరంలాంటి మచ్చ, చుట్టూ కొంచెం వాపు. మన దేశంలో ఫిట్స్ వచ్చిన పిల్లల్లో ఇది మేం ఎంత తరచుగా చూస్తామంటే, చూడగానే రెండు పేర్లు నోట్లో మెదులుతాయి. ఒకటి న్యూరోసిస్టిసెర్కోసిస్, అంటే బద్దెపురుగు పిల్ల మెదడులో చేరి తిత్తి కట్టడం. రెండోది ట్యూబర్‌క్యులోమా, అంటే టీబీ గడ్డ. రెండూ మందులతో నయమయ్యేవే. మందులు మాత్రం పూర్తిగా వేరు. అందుకే ఎంఆర్ఐ.

సీటీ ఉంగరాన్ని చూపిస్తుంది, ఉంగరం లోపల ఏముందో సరిగా చూపించదు. ఎంఆర్ఐలో, ముఖ్యంగా పల్చటి ముక్కలుగా తీసినప్పుడు, తిత్తి లోపల ఒక పక్కకు ఆనుకుని ఆవగింజలాంటి చుక్క కనిపించవచ్చు. అది పురుగు తల. అది కనిపించిందంటే ఇంక వేరే అనుమానం అక్కర్లేదు. నేను మొదటిసారి దాన్ని స్పష్టంగా చూసింది ఇలాగే ఒక ఏడో తరగతి అమ్మాయి స్కాన్‌లో. తెర మీద పెద్దది చేసి వాళ్ళ నాన్నకు చూపించి "ఇదీ మీ అమ్మాయి ఫిట్స్‌కు కారణం, క్యాన్సర్ కాదు" అన్నాను. ఆయన అక్కడే నేల మీద కూర్చుండిపోయి ఏడ్చాడు. చుక్క కనిపించకపోతే మిగతా ఆనవాళ్ళు చూస్తాం. వెల్లూరులో రాజశేఖర్, చాందీ అనే డాక్టర్లు ఈ ఒంటరి మచ్చల మీద ఏళ్ళ తరబడి పనిచేసి కొన్ని గుర్తులు చెప్పారు. మచ్చ 20 మిల్లీమీటర్ల లోపు ఉండటం, వాపు మెదడు మధ్యగీతను పక్కకు నెట్టేంత లేకపోవడం లాంటివి సిస్టిసెర్కోసిస్ వైపు చూపిస్తాయి. టీబీ గడ్డ తరచూ అంతకంటే పెద్దదిగా, అంచులు గరుకుగా, రెండు మూడు కలిసిపోయి ఉంటుంది. స్పెక్ట్రోస్కోపీ అనే అదనపు పరీక్షలో కొవ్వు జాడ కనిపిస్తే టీబీ అనుమానం బలపడుతుంది. కాంట్రాస్ట్ మందు ఎక్కించేది ఆ ఉంగరం అంచు విడిగా వెలిగి కనిపించడానికీ, సాదా స్కాన్‌లో దాక్కున్న ఇంకో మచ్చ ఏదైనా ఉంటే బయటపడటానికీ.

"మేం గుడ్డు కూడా తినం, మా పిల్లాడికి పంది మాంసం పురుగెలా వస్తుంది?" అని మీ అక్కగారు అడిగారు కదా. న్యాయమైన ప్రశ్న. సరిగా ఉడకని పంది మాంసం తింటే వచ్చేది పేగులో బద్దెపురుగు. మెదడులో తిత్తి వచ్చే దారి వేరు. పేగులో ఆ పురుగున్న మనిషి మలంలో దాని గుడ్లు బయటికొస్తాయి. అవి మురుగునీటితో పెరిగిన ఆకుకూరల మీదా, చేతులు సరిగా కడుక్కోని మనిషి వండిన వంట ద్వారా కూడా మన నోట్లోకి చేరతాయి. కాబట్టి శుద్ధ శాకాహారుల ఇళ్ళలోనూ వస్తుంది, నేను ఎన్నోసార్లు చూశాను. కొత్తిమీర, పాలకూర లాంటివి ధారగా పారే నీళ్ళలో రెండు మూడుసార్లు కడగమనండి, పచ్చిగా తినేవి మరీ ముఖ్యంగా.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. ఇది చదివి మందుల షాపులో పురుగుల మాత్ర కొని వేసేయకండి. మెదడులో తిత్తులు ఎక్కువగా ఉంటే, పురుగులు ఒక్కసారిగా చావడంతో వాపు పెరిగి ప్రమాదం అవుతుంది. ఎన్ని ఉన్నాయి, ఎక్కడున్నాయి, కంట్లో ఏమైనా ఉందా అని చూసుకుని, వాపు తగ్గే మందు తోడుగా ఇస్తూ న్యూరాలజిస్టు మొదలుపెట్టాల్సిన వైద్యం అది. ఫిట్స్ మందు ఈలోపు ఒక్క పూట కూడా ఆపకండి. కొన్ని నెలల తర్వాత మళ్ళీ స్కాన్ తీసి మచ్చ పోయిందా, సున్నపు చుక్కగా మిగిలిందా అని చూస్తారు. సున్నపు చుక్కను చూడటానికి మాత్రం మళ్ళీ సీటీయే మెరుగు. సీటీ చిన్నది, ఎంఆర్ఐ పెద్దది అనుకునేవాళ్ళకు నేను చూపించే ఉదాహరణ ఇదే.

ఫిట్స్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఎంఆర్ఐ నార్మల్ వస్తే మూర్ఛ లేనట్టు కాదు. మూర్ఛ మెదడులోని విద్యుత్తుకు సంబంధించింది. ఫొటోలో ఇల్లు బాగానే కనిపిస్తుంది, వైరింగ్‌లో లోపం కనిపించదు. దానికి మెదడు విద్యుత్తును గీతలుగా చూపించే ఈఈజీ పరీక్ష ఉంది. అలాగని "నార్మల్" అన్న ప్రతి రిపోర్టూ ఆఖరి మాట కూడా కాదు. ఒక డిగ్రీ విద్యార్థిని మూడు ఎంఆర్ఐలతో మా దగ్గరకు వచ్చింది, మూడింటి మీదా నార్మల్ అనే ఉంది. నెలకు నాలుగైదు సార్లు కాసేపు శూన్యంలోకి చూస్తూ చప్పరిస్తూ ఉండిపోయేది. మూడు చీటీల మీదా రాసింది "ఎంఆర్ఐ బ్రెయిన్" అనే రెండు మాటలే. మామూలు పద్ధతిలో మందపాటి ముక్కలుగా తీశారు. ఈసారి ఆమె న్యూరాలజిస్టు చీటీ మీద లక్షణాలన్నీ వివరంగా రాశారు. కణత లోపల ఉండే హిప్పోక్యాంపస్‌కు అడ్డంగా పల్చటి ముక్కలు తీశాం. కుడి పక్కది ఎడమ పక్కదానికంటే కుంచించుకుపోయి, కొంచెం తెల్లగా ఉంది. మందులకు లొంగని మూర్ఛలో ఆపరేషన్‌తో బాగా మేలు జరిగే రకం ఇది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో 1995 నుంచి ఈ ఆపరేషన్లు చేస్తున్నారు. ఆమె కూడా తర్వాత ఆపరేషన్ చేయించుకుంది, ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. అంచేత మీ డాక్టరును నిర్మొహమాటంగా అడగండి, చీటీ మీద కథ రాయమనండి. ఎప్పటినుంచి, ఏ పక్క, ఎలా మొదలైంది, ఏం వెతకాలి. మేం చూసేది వందల బొమ్మలు. ఎక్కడ వెతకాలో తెలిస్తే కనిపించేది వేరు.

ఆ కథ లేకపోతే ఎంత ప్రమాదమో బాలింతల విషయంలో చూస్తుంటాను. కాన్పయిన పదో రోజు, పన్నెండో రోజు విపరీతమైన తలనొప్పి, తర్వాత ఫిట్స్. మన ఇళ్ళలో బాలింతకు నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదని, ఇస్తే ఒళ్ళు నీరు పడుతుందని ఇప్పటికీ గ్లాసు కొలిచి ఇచ్చేవాళ్ళున్నారు. కాన్పు తర్వాత రక్తం సహజంగానే గడ్డకట్టే గుణంతో ఉంటుంది, దానికి దాహం తోడైతే మెదడులోంచి చెడు రక్తం తీసుకెళ్ళే సిరల్లో గడ్డ పడుతుంది. సాదా సీటీలో ఇది తప్పిపోవచ్చు. చీటీ మీద "తలనొప్పి" అని ఒక్క ముక్క రాస్తే మామూలు స్కాన్ తీసి పంపిస్తారు. "కాన్పై పదో రోజు" అన్న మాట ఉంటే సిరలను చూపించే వీనోగ్రామ్ కలిపి తీస్తాం, దొరుకుతుంది, వైద్యం ఉంది, చాలామంది పూర్తిగా కోలుకుంటారు. ఇది ఆడవాళ్ళకే అనుకోకండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఈ జబ్బున్న 428 మంది వివరాలు నమోదు చేసి 2012లో ప్రచురించారు. అందులో సగానికి కొంచెం పైగా మగవాళ్ళే, సగటు వయసు ముప్ఫై చిల్లర. దయచేసి బాలింతలకు నీళ్ళు తాగనివ్వండి.

స్కాన్‌కు లొంగనివి కూడా ఉన్నాయి. మైగ్రేన్‌లో ఎంఆర్ఐ మామూలుగానే ఉంటుంది. పార్కిన్సన్స్‌లో కూడా సాధారణంగా అంతే. అది డాక్టరు నడక చూసి, చెయ్యి వంచి చూసి పట్టుకునే జబ్బు. అనుమానం మిగిలితే, ఆ జబ్బులో మెదడులో తగ్గిపోయే డోపమైన్ అనే రసాయనం సంగతి చూపించే ప్రత్యేక న్యూక్లియర్ స్కాన్లు ఉన్నాయి. మతిమరుపుకు స్కాన్ రాసేది అల్జీమర్స్‌ను ఖాయం చేయడానికంటే, నయం చేయగల ఇంకేదైనా కారణం దాగి ఉందేమో చూడ్డానికే ఎక్కువ. డెబ్భై ఎనిమిదేళ్ళ పెద్దాయన రెండు వారాలుగా పేర్లు మరిచిపోతున్నాడు, నడక తూలుతోంది, "వయసైపోయింది" అని ఇంట్లోవాళ్ళు సర్దుకున్నారు. సీటీ తీస్తే పుర్రెకూ మెదడుకూ మధ్య పాత రక్తం చంద్రవంకలా పేరుకుని ఉంది. నెల కిందట స్నానాల గదిలో జారితే తల గోడకు తగిలిందట, ఎవరికీ గుర్తే లేదు. పుర్రెకు చిన్న రంధ్రం చేసి తీసేశారు. వారం తిరిగేసరికి మనవరాలిని పేరు పెట్టి పిలిచాడు.

మీరు చివర్లో అడిగిన చిన్న వాటికి త్వరగా చెప్తాను. తల సీటీలో రేడియేషన్ సుమారు 2 మిల్లీసీవర్టులు, భూమి నుంచీ ఆకాశం నుంచీ మనకు ఏడాదిలో మామూలుగా తగిలేదానికి దగ్గర. అవసరానికి తీస్తే భయం లేదు, ఊరికే పిల్లలకు మళ్ళీ మళ్ళీ తీయకూడదు. ఎంఆర్ఐలో రేడియేషన్ లేదు. దాని అయస్కాంతం బలం 1.5 టెస్లానా 3 టెస్లానా అని తిరగకండి. చిన్న మచ్చలకు 3 కొంత మేలే, కానీ సరిగా తీసిన 1.5 స్కాన్ ఆదరాబాదరాగా తీసిన 3 కంటే వెయ్యి రెట్లు నయం. నాన్నగారి రిపోర్టులో "వయసుతో వచ్చే మార్పులు", "సైనస్ పొర మందం" అని ఉన్నవాటి గురించి దిగులు పడకండి. అరవై దాటినవాళ్ళ స్కాన్లలో అవి తెల్లవెంట్రుకల్లాంటివి. బీపీ, షుగరు మాత్రం అదుపులో పెట్టాలి.

ఎంఆర్ఐ గదికి వెళ్ళేముందు ఇనుము విషయంలో నిర్లక్ష్యం వద్దు. ఆ అయస్కాంతం భూమి అయస్కాంత శక్తికి ముప్ఫై వేల రెట్లు, యంత్రం తీయనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. 2018లో ముంబైలో ఆక్సిజన్ సిలిండర్‌తో లోపలికి వెళ్ళిన రోగి బంధువు ఒకాయన ప్రాణమే పోయింది. మన ఆడవాళ్ళు గాజులకూ, మంగళసూత్రాలకూ తగిలించుకునే పిన్నీసులు నేను చూస్తుండగానే ఎగిరాయి. మంగళసూత్రం తీయడానికి మనసొప్పనివాళ్ళకు మా నర్సమ్మ పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టి ఇస్తుంది, స్కాన్ అయ్యేదాకా అది వేసుకుంటారు. మీ అక్కగారు బాబు పక్కన లోపల కూర్చోవాలంటే ఆమె కూడా మట్టెలు, పిన్నులు తీసేయాలి. బాబు మొలతాడుకు తాయెత్తు ఉంటే అదీ తీయండి, చాలామంది మరిచిపోయేది అదే.

అబ్బాయి స్కాన్ రోజున పాత సీటీ సీడీ వెంట తీసుకెళ్ళండి. ఫిల్మును ఫోన్‌లో ఫొటో తీసి పంపితే మాకు ఆ సెంటీమీటరు మచ్చలో చుక్క కనబడదు, సీడీ కావాలి. మూత్రపిండాల జబ్బేదైనా ఉంటే, ఇదివరకు ఏ మందుకైనా దద్దుర్లు వచ్చి ఉంటే కాంట్రాస్ట్ ఎక్కించే ముందే చెప్పండి. తొమ్మిదేళ్ళ పిల్లాడు చెబితే వింటాడు. లోపల డబడబ చప్పుడు వస్తుందని, చెవుల్లో దూది పెడతారని, కాలు కదిపితే మళ్ళీ మొదటినుంచి తీస్తారని ముందు రోజే ఇంట్లో చెప్పి, మంచం మీద పది నిమిషాలు కదలకుండా పడుకోబెట్టి అలవాటు చేయండి. మత్తు ఇవ్వాల్సిన పని తప్పచ్చు. రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టండి, ఉంగరం లోపల చుక్క ఉందో లేదో చదివి చెప్తాను.